మా నాన్న బంగాళాదుంప

2013 ఆగస్టులో ఒక సోమవారం, ఏడో తరగతి బి సెక్షన్ స్పానిష్ క్లాసులో ఒక కుర్రవాడు లేచి నిలబడి, ఛాతీ విరుచుకుని, "మి పాప ఎస్ ఇన్హెనియేరో" అన్నాడు. 'మా నాన్న ఇంజినీరు' అని వాడి ఉద్దేశం. గచ్చిబౌలి దాటాక ఉన్న ఆ ఇంటర్నేషనల్ స్కూల్లో నాన్నలందరూ ఇంజినీర్లే కాబట్టి వాక్యంలో తప్పేమీ నాకు వినిపించలేదు. "మూయ్ బియేన్" అని మెచ్చుకుని కూర్చోబెట్టాను.

వెనక బెంచీలో కూర్చుని నా క్లాసు చూస్తున్న కొత్త టీచర్ మాత్రం రెండు చేతులతో నోరు మూసుకుంది. భుజాలు కదులుతున్నాయి. గంట కొట్టి పిల్లలు వెళ్ళాక ఆమె బోర్డు దగ్గరికి వచ్చి ఒక బంగాళాదుంప బొమ్మ గీసింది. దానికి కళ్ళజోడు పెట్టింది. టై కట్టింది. మెడలో కంపెనీ గుర్తింపు కార్డు కూడా వేలాడదీసింది.

స్పానిష్‌లో నాన్నను 'పపా' అంటారు. ఊనిక చివరి అక్షరం మీద పడాలి. అదే ఊనికను మొదటి అక్షరం మీదికి జరిపితే 'పాప' అవుతుంది. మెక్సికోలో పాప అంటే బంగాళాదుంప. తెలుగులో ఏ అక్షరాన్ని ఒత్తి పలికినా మాట అర్థం మారదు కాబట్టి మన చెవి ఆ తేడాను పట్టించుకోదు. అంటే రెండేళ్ళుగా ఆ బడిలో నేను పిల్లల చేత వాళ్ళ నాన్నలను వరసగా బంగాళాదుంపలుగా పరిచయం చేయిస్తూ వచ్చానన్నమాట.

నాది గుంటూరు జిల్లా. పదో తరగతి దాకా తెలుగు మీడియం. నేను స్పానిష్ చదువుతున్నానని చెబితే 'అదేమిటి' అని చుట్టాలు మళ్ళీ అడుగుతారని, మా అమ్మ 'ఫ్రెంచి చదువుతోంది' అని చెప్పేది. తార్నాకలో, పాతవాళ్ళు ఇప్పటికీ సీఫెల్ అనే ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో, ఇరవై ఒకటో ఏట ఆ భాష మొదలుపెట్టాను. స్పానిష్ ఎంత వచ్చో తేల్చే డెలే పరీక్షలో బి2, అంటే మధ్యస్థాయికి కాస్త పైన, తెచ్చుకున్నాను. స్పెయిన్ గాని మెక్సికో గాని చూసింది లేదు. ఆ భాషలో ఎవరితోనూ పోట్లాడలేదు, ఎవరినీ లాలించలేదు. క్రియారూపాల పట్టికలు మాత్రం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని. 2011లో ఆ బడిలో చేరి, రెండేళ్ళు నేనొక్కదాన్నే స్పానిష్ టీచర్‌గా వెలిగాను.

తరువాత 'నేటివ్' వచ్చింది, అంటే స్పానిష్ మాతృభాషగా ఉన్న టీచర్. వెనక బెంచీలో నోరు మూసుకున్నది ఆమే. ఆ రోజుల్లో బడి యాజమాన్యాల నోట ఈ మాట పేరులాగే వినిపించేది. 'నేటివ్ వస్తున్నారు, స్టాఫ్ రూములో కిటికీ పక్క సీటు ఖాళీ చేయండి' అని మాకు చెప్పారు. ఆమెది మెక్సికోలోని ప్వేబ్లా. ముప్పై నిండలేదు. తమ ఊళ్ళో ఆరేళ్ళు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పింది. అయితే స్పానిష్ ఇంట్లోనే నేర్చుకుని వచ్చిన పిల్లలకు స్పానిష్‌లో పాఠం చెప్పడం వేరు, ఒక్క మాట రానివాళ్ళకు ఆ భాషనే నేర్పడం వేరు. ఆ తేడా గురించి ఇంటర్వ్యూలో తననెవరూ అడగలేదని, 'మీ మాతృభాష స్పానిషేనా' అని మాత్రం మూడుసార్లు అడిగారని ఆమె తరువాత నాతో చెప్పి నవ్వింది.

మన దేశంలో విదేశీయులకు ఉద్యోగ వీసా ఇవ్వాలంటే అప్పట్లో ఏడాదికి 25,000 డాలర్ల జీతం ఉండాలనే నిబంధన ఉండేది. ఇంగ్లీషు కాక ఇతర భాషలు నేర్పే టీచర్లకు, ఆయా దేశాల వంటవాళ్ళకు దాని నుంచి మినహాయింపు. "నన్నూ వంటవాణ్ణీ ఒకే వరసలో నిలబెట్టారు, నాకు గర్వంగా ఉంది" అనేది. మినహాయింపు వాడుకున్నా, ఆమె జీతం నాకన్నా రెట్టింపు పైమాటే. ఆ సంగతి నాకు చెప్పింది అకౌంట్స్ గుమాస్తా కాదు, ఆమే. మొదటి నెల జీతం పడిన రోజున అమాయకంగా అడిగింది, నేను అంతకన్నా అమాయకంగా చెప్పాను. ఇద్దరం కాసేపు కిటికీలోంచి బయటికి చూశాం.

దసరా ముందు తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఎ సెక్షన్ ఆమెది, బి సెక్షన్ నాది. ఒకాయన నా ముందు కూర్చుని, నా వైపు చూడకుండా, పక్కన నిలబడిన కోఆర్డినేటర్‌తో, "మా అమ్మాయిని నేటివ్ సెక్షన్‌కు మార్చడానికి ఏమైనా అదనంగా కట్టాలా?" అని అడిగారు. వాళ్ళమ్మాయి రాసిన పరీక్ష పేపరు నా చేతిలో ఉంది, నలభైకి ముప్పై ఎనిమిది. నేను ఆ పేపరును మడత పెట్టి ఆయన ముందు ఉంచాను. ఆయన కారు తాళాలు దాని మీద పెట్టుకున్నారు. ఆ రోజు ఇంటికి వెళ్ళి ఏడ్చాననడం అబద్ధం. కోపంతో మూడు కిలోల చింతపండు గింజ తీశాను.

ఆ కోపాన్ని కొన్నాళ్ళు ఆమె మీదే చూపించాను. దానికి సాకులు దొరికాయి. మా పాఠ్యపుస్తకాలు స్పెయిన్‌లో అచ్చయినవి. వాటిలో 'మీరంతా' అనడానికి 'వొసోత్రోస్' ఉంటుంది, దానికి వేరే క్రియారూపాలు ఉంటాయి. మెక్సికోలో ఆ మాట నిత్యవ్యవహారంలో లేదు, అందరికీ 'ఉస్తెదెస్' ఒక్కటే. ఆమె పట్టికలో ఆ వరసను చక్కగా దాటేసేది. నేను స్టాఫ్ రూములో వ్యాకరణాన్ని రక్షించే బాధ్యత తలకెత్తుకున్నాను. కంప్యూటర్‌కు మా పుస్తకం 'ఒర్దెనదోర్' అంటే ఆమె 'కొంపుతదోర' అనేది. పళ్ళరసం మాకు 'సూమో', ఆమెకు 'హూగో'. 'పతాత'ను ఆమె 'పాప' అనేది, ఆ సంగతి మీకు తెలుసు. "రెండిట్లో అసలు స్పానిష్ ఏది?" అని పిల్లలు నన్ను అడిగితే నేను పుస్తకం వైపు చూపించాను. 12 కోట్ల మంది మెక్సికన్లు ఏం మాట్లాడుతున్నారని అనుకున్నానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

స్పెయిన్‌లో బస్సు ఎక్కడానికి, పెన్ను అందుకోవడానికి వాడే మామూలు క్రియ ఒకటి ఉంది. అదే మాట మెక్సికోలో నలుగురిలో అనరానిది. ఇక్కడ రాయను, తెలిసినవాళ్ళకు తెలుసు. ఆ క్రియతో 'బస్సు ఎక్కుదాం' అని రాసి, బొమ్మలు అతికించి, పెద్ద చార్టు ఒకటి కారిడార్‌లో తగిలించాను. మర్నాడు పొద్దున బడికి వచ్చేసరికి చార్టు లేదు. గోడకు నాలుగు టేపు ముక్కలు మిగిలాయి. నా టేబుల్ మీద ఒక చీటీ: 'క్షమించు. దాని ముందు నిలబడి ప్రిన్సిపాల్‌తో మాట్లాడటం నా వల్ల కాలేదు.'

ఆమెకు క్లాసులో మొదటి పెద్ద దెబ్బ 'ఇష్టం' దగ్గర తగిలింది. 'మె గూస్త ఎల్ మాంగో', నాకు మామిడిపండు ఇష్టం. ఇంగ్లీషు వాళ్ళకు ఇది కొరుకుడుపడదు. వాళ్ళ వాక్యంలో 'నేను' కర్తగా నిలబడి మామిడిపండును ఇష్టపడాలి. స్పానిష్‌లో మామిడిపండే కర్త, ఇష్టం 'నాకు' కలుగుతుంది. ఆమె దాన్ని ఇంగ్లీషులో వివరిస్తూ బాణం గుర్తులు వేసి, మామిడిపండుకు కాళ్ళు చేతులు పెట్టి, అరగంట కుస్తీ పట్టింది. పిల్లల ముఖాలు మూసిన తలుపుల్లా ఉన్నాయి. ఆ రోజు వెనక కూర్చోవడం నా వంతు. బడి ఆవరణలో మాతృభాష వినిపించకూడదని నియమం. అయినా ఉండబట్టలేక, పక్క బెంచీ పిల్లతో మెల్లగా, "నాకు మామిడిపండు ఇష్టం అంటాం కదా, అచ్చం అదే" అన్నాను. ఆ పిల్ల ముందు పిల్లకు చెప్పింది. ఆ మాట తరగతంతా పాకింది. హిందీ పిల్లలు 'ముఝే ఆమ్ పసంద్ హై' అని తమలో తాము సరిచూసుకున్నారు. రెండు నిమిషాల్లో చేతులన్నీ లేచాయి. నాకు క్రికెట్ ఇష్టం, నాకు పూరీ ఇష్టం, నాకు స్పానిష్ క్లాసు ఇష్టం లేదు. అన్నీ సరైన వాక్యాలే.

"వాళ్ళకు ఏం చెప్పావు?" అని తరువాత అడిగింది. చెప్పాను. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇంకేమున్నాయి అలాంటివి?" అంది.

చాలా ఉన్నాయి. నువ్వు, మీరు అనే తేడా మనకు పుట్టుకతోనే ఉంది, కాబట్టి 'తూ', 'ఉస్తెద్' మన పిల్లలకు వివరించక్కర్లేదు. 'వస్తాను, వస్తావు' అన్నప్పుడు ఎవరు వస్తారో క్రియ తోకే చెబుతుంది. స్పానిష్ కూడా అంతే, సర్వనామం లేకపోయినా వాక్యం నడుస్తుంది. మన అచ్చులతో వాళ్ళ అచ్చులన్నీ దాదాపు సరిపోతాయి. ఇక 'ఞ' సంగతి. ఒకటో తరగతిలో పలక మీద దిద్దుతాం, ఆ తరువాత జన్మలో దానితో విడిగా పని పడదు. స్పానిష్‌లో దానికి చేతినిండా పని. పిల్లవాణ్ణి 'నిఞో' అంటారు. ఏడాదికి వాళ్ళు వాడే మాటలో ఞ బదులు న పలికితే, 'నాకు పన్నెండేళ్ళు' అనే అమాయకపు వాక్యం చెప్పుకోలేని అర్థానికి దిగిపోతుంది. అలాగే బండి ఱ. మనం దాన్ని వాచకాల్లోంచి సాగనంపాం, వాళ్ళు ఇంకా పోషిస్తున్నారు. 'పెరో' అంటే కానీ, 'పెఱ్ఱో' అంటే కుక్క. నేను బోర్డు మీద ఈ రెండు అక్షరాలను తెలుగులోనే రాసి నేర్పడం మొదలుపెట్టాను. కోఆర్డినేటర్ తలుపు అద్దంలోంచి చూసి, అది స్పానిష్ లిపి అనుకుని వెళ్ళిపోయారు.

అట్లని ఆమె నా దగ్గర నేర్చుకుంది, నేను ఆమెకు నేర్పాను అంటే కోతలు కోసినట్టే. క్లాసులో ఒకడు పక్కవాడి జుట్టు లాగితే ఆమె వెనక్కి తిరగకుండానే ఒక్క కేక వేసేది. ఆ కేకలో వ్యాకరణం, వేగం, విసుగు, ముద్దు అన్నీ కలిసి ఉండేవి. నేను స్పానిష్‌లో తిట్టాలంటే ముందు ఆజ్ఞార్థక రూపం తలచుకోవాలి, ఈలోగా జుట్టు లాగడం అయిపోతుంది. మెట్ల మీద ఒక పాప జారిపడినప్పుడు ఆమె 'ఆయ్' అని పరుగెత్తింది, నేను 'అయ్యో' అని పరుగెత్తాను. ఆ రోజు నాకు అర్థమైంది, ఎనిమిదేళ్ళు చదివినా నా స్పానిష్‌కు ఉలిక్కిపడటం రాదు.

పదో తరగతి పిల్లలు మాత్రం పరీక్షల ముందు నా దగ్గరికే వచ్చేవారు. 'నువ్వు రావాలని కోరుకుంటున్నాను' అనే వాక్యంలో 'రావడం' క్రియ ఎందుకు రూపం మార్చుకుంటుందని అడిగితే ఆమె పాపం చాలాసేపు ఆలోచించి, "అలాగే అంటాం. మరోలా అంటే చెవికి బాగుండదు" అనేది. నేను కోరిక, సందేహం, భావోద్వేగం అని మూడు డబ్బాలు గీసి ఇచ్చేదాన్ని. 'పుట్టినప్పటి నుంచి మాట్లాడుతూ ఇంత చిన్న సంగతి తెలియదా' అని లోలోపల చిన్న సంతోషం కూడా పడేదాన్ని. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు.

ఆమెకు తెలుగు నేర్పింది మా ఆయమ్మ. నేను కాదు, నాకు తీరిక ఎక్కడిది? ఆయమ్మది మెదక్ వైపు పల్లెటూరు. మధ్యాహ్నం వాటర్ ఫిల్టర్ పక్కన పీట వేసుకుని కూర్చునేది, ఈమె నేల మీద కూర్చునేది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఇద్దరికీ మాటలు ఆగేవి కావు. నెల తిరిగేసరికి ఆమె నోట్‌బుక్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "నేను చూశాను, నేను తిన్నాను అంటారు. మరి 'నేను తెలుసు' అంటే ఆయమ్మ ఎందుకు నవ్వింది? 'నాకు తెలుసు' అనాలట. 'నాకు కావాలి', 'నాకు వచ్చు'. ఎక్కడ నేను, ఎక్కడ నాకు? నియమం చెప్పు."

నేను నోరు తెరిచాను. నియమం లేదు, అంటే ఎక్కడో ఉండే ఉంటుంది, నా దగ్గర లేదు. "అలాగే అంటాం" అన్నాను.

ఆమె నోట్‌బుక్ మూసి, ఏమీ అనకుండా, నా వైపు చూసి తల ఊపింది. ఎంత మర్యాదగా ఊపిందంటే, నాకు డబ్బాలు గీసిన కాగితాలన్నీ గుర్తుకొచ్చాయి.

ఆ తరువాత ప్రశ్నల వాన. "నీకు భర్త ఒక్కడే కదా, 'మా ఆయన' అంటావేమిటి? ఆయన ఎంతమందికి?" అని ఒకరోజు స్టాఫ్ రూములో అందరి ముందూ అడిగింది. మా ఇల్లు, మా అమ్మ, మా ఊరు, మా ఆయన, ఇన్నిటికీ మనం బహువచనం ఎందుకు వాడతామో ముప్పై ఏళ్ళు వచ్చినా నేను ఆలోచించలేదు. పోనీ 'మా' అంటే బహువచనమని నేర్చుకుందా అంటే, వెంటనే 'మన' అడ్డం వచ్చింది. స్పానిష్‌లో మేము, మనం రెండూ ఒకటే, 'నొసోత్రోస్'. ఎదుటి మనిషిని కలుపుకుంటున్నామా లేదా అనే లెక్క అక్కడ లేదు. ఆమె ఆయమ్మతో తడుముకోకుండా, "మన నాన్న మెక్సికోలో బేకరీలో పని చేస్తారు" అంది. ఆయమ్మ చీపురు పక్కన పెట్టి, "మీ నాన్న నాకూ నాన్న ఎప్పుడయ్యాడమ్మా? నా కన్నా చిన్నవాడే ఉంటాడు!" అని పగలబడి నవ్వింది. మూడేళ్ళలో ఆమె ఈ ఒక్కటి సరిగ్గా పట్టుకోలేకపోయింది. మా, మన అనేవి రెండూ నాణెం ఎగరేసినట్టే పడేవి.

ఒకసారి నేను కూరగాయల పేర్లు చెబుతుంటే ఆమె 'ఆలుగడ్డ', 'ఉల్లిగడ్డ' అంది. "బంగాళాదుంప, ఉల్లిపాయ అనాలి" అని దిద్దాను. ఆమె పెన్ను ఆపి, "ఆయమ్మ తప్పు చెప్పిందా?" అని అడిగింది. కాదు, అక్కడ అలా అంటారు, మేము ఇలా అంటాం, పుస్తకంలో... అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆమె నోట్‌బుక్‌లో ఒక పక్క ఆలుగడ్డ, ఇంకో పక్క బంగాళాదుంప రాసి, వాటి కింద పాప, పతాత అని రాసుకుంది. పైకి ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నేను వొసోత్రోస్ వరసను బ్రాకెట్లలో పెట్టి, 'స్పెయిన్ వెళ్తే వాడండి' అని చెప్పడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయమ్మ డబ్బాలోని జొన్నరొట్టె చూసి ఆమె మొదటిసారి చేయి చాచింది. రెండు చేతుల మధ్య తట్టి చేస్తారని తెలిసి, తన అమ్మమ్మ మొక్కజొన్న తొర్తియాలను అలాగే తడుతుందని, ఆ చప్పుడుకే తనకు మెలకువ వచ్చేదని చెప్పింది. ముందు రోజు రాత్రి మొక్కజొన్నలను సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి నానబెడతారట. నేను తెలుగులో చెబితే ఆయమ్మ, "సున్నమా? అది ఆకులోకి కదా!" అని బుగ్గలు నొక్కుకుంది. మిరపకాయ తమ దేశం నుంచే మీకు వచ్చిందని ఆమె అన్నప్పుడు మాత్రం, గుంటూరు జిల్లా మనిషిగా నేను కాసేపు మాట్లాడలేదు. వాస్తవమే, పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. అయినా ఎదురుగా కూర్చుని చెబితే అదోలా ఉంటుంది.

బడి వెనక గోడ పక్కన సపోటా చెట్టు ఒకటి ఉండేది. దాన్ని చూసి ఆమె 'చికోసపోతె!' అని అరిచింది. ఆ చెట్టు పుట్టిల్లు వాళ్ళ వైపే, మనం సపోటా అంటున్న మాటా అక్కడి నవాత్ల్ భాష నుంచి స్పానిష్ మీదుగా వచ్చినదే. ఆ చెట్టు బెరడుకు గాటు పెడితే కారే పాల నుంచే ఒకప్పుడు చూయింగ్ గమ్ చేసేవారని చెప్పి, పిల్లల ముందు కాయ గిల్లి పాలు చూపించింది. ఆ వారమంతా మా పిల్లల యూనిఫారాలకు జిగురు మరకలు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన మెయిళ్ళకు జవాబులు రాసింది మాత్రం నేను.

అన్నిటికన్నా నాకు బాగా గుర్తున్నది 2013 నవంబరు 1. మర్నాటి నుంచి దీపావళి సెలవులు. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయిన పెద్దలు ఇంటికి వస్తారని నమ్మి, ఇంట్లో మెట్లు మెట్లుగా ఒక పీఠం కట్టి, ఫోటోలు, కొవ్వొత్తులు, ఒక గ్లాసు నీళ్ళు, ఉప్పు, వాళ్ళకు ఇష్టమైన తిండి పెడతారు. దారి కనిపించడానికి బంతిపూలు చల్లుతారు. దాన్ని క్లాసులో చేస్తానని ఆమె అడిగితే, పండగ ముందు చావు గురించి ఎందుకని బడివాళ్ళు వెనకాడారు. చివరికి 'కపాలం బొమ్మలు వద్దు, తాతమ్మల, తాతల ఫోటోలు పెట్టుకోండి' అని ఒప్పుకున్నారు.

పూల కోసం ఇద్దరం తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్ళాం. గుట్టలు గుట్టలుగా బంతిపూలు, నారింజ రంగువీ పసుపువీ. లారీల హారన్లు, తడి గోనెసంచుల వాసన, మాలీల కేకలు. ఆమె ఒక గుట్ట ముందు ఆగిపోయింది. రెండు చేతులతో పూలు తీసుకుని ముఖానికి ఆనించుకుని అలాగే ఉండిపోయింది. పూలమ్మే ఆవిడ నా వైపు చూసి, "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక తల ఊపాను. ఆవిడ ఒక దోసెడు పూలు ఎక్కువేసి డబ్బు తీసుకోనంది.

బంతి పువ్వుకు మెక్సికోలో 'సెంపసూచిల్' అని పేరు. నవాత్ల్ భాషలో 'ఇరవై పూలు' అని అర్థం. ఆ పువ్వూ అక్కడి నుంచే ఇక్కడికి వచ్చింది. ఈ మాటను మాత్రం ఆయమ్మ ఒప్పుకోలేదు. "బంతి మా పువ్వు. బతుకమ్మలో పెడతాం" అంది. నెల రోజుల కిందటే పెత్తర అమావాస్య వెళ్ళింది. పోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చి, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారని ఆయమ్మ చెబుతుంటే నేను స్పానిష్‌లోకి మార్చాను. నాకు 'ఎంగిలి'కి మాట దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

పిల్లలు ఫోటోలు తెచ్చారు. గాంధీ టోపీ పెట్టుకున్న తాతలు, ముక్కుపుడక నానమ్మలు, మిలిటరీ దుస్తుల్లో ఒక పంజాబీ ముత్తాత. బంగాళాదుంప కుర్రవాడు వాళ్ళ తాతగారి ఫోటో, దాని ముందు పెట్టడానికి ఒక మినప సున్నుండ తెచ్చాడు. "మి అబువేలో" అని పరిచయం చేశాడు, ఊనిక సరిగ్గా పడింది. అందరూ అయ్యాక ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి కొంగులోంచి ఒక పాస్‌పోర్టు ఫోటో తీసింది. భర్తది. నా వైపు చూడకుండా ఆమె వైపు చూసింది. ఆమె వెళ్ళి, రెండు చేతులతో అందుకుని, పై మెట్టు మీద తన తాతయ్య పక్కన పెట్టింది. ఆయమ్మ మళ్ళీ కొంగులో వెతికి ఒక బీడీ కట్ట తీసి ఫోటో ముందు ఉంచింది. నాకు గుండె ఆగినంత పనైంది. ఇంటర్నేషనల్ స్కూల్లో, ఏడో తరగతి గదిలో, బీడీ కట్ట! నేను దాని మీద బంతిపూలు కప్పబోతే ఆమె నా చేయి పట్టుకుంది. "మా తాతయ్యకు నేను సిగరెట్లు తేవాలనుకున్నాను, ధైర్యం చాలలేదు. ఆయన దగ్గర ఒకటి తీసుకుంటాడులే" అంది.

ప్రిన్సిపాల్ వచ్చి చూసి, బాగుందని మెచ్చుకుని, ఫోటోలు తీయించారు. ఆ ఏడాది బడి పత్రిక అట్ట మీద ఆ బొమ్మే వేశారు. జాగ్రత్తగా చూస్తే కింద ఎడమ మూల బీడీ కట్ట కనిపిస్తుంది. ఎవరూ చూడలేదు.

మరో సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. పదో తరగతి పిల్లలు రాసే కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ పరీక్షల్లో స్పానిష్ మౌఖిక పరీక్షను బడి టీచరే నిర్వహించి, రికార్డు చేసి, నమూనాలు పంపాలి. మొదటి ఏడాది సహజంగానే ఆమెకు అప్పగించారు. నేను పక్కన కూర్చుని రికార్డర్ చూసుకున్నాను. పిల్ల ఒక మాట దగ్గర ఆగితే చాలు, ఆమె జాలిపడి వాక్యం పూర్తి చేసేసేది. టేపు వింటే పిల్లల కన్నా ఆమె గొంతే ఎక్కువ వినిపించింది. ఆ మౌనం ఎంతసేపు ఉంటుందో, లోపల ఏ క్రియ కోసం ఏ పట్టిక తిరగేస్తున్నారో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అలాగే మాట్లాడతాను. రెండో ఏడాది ఆమే వెళ్ళి, పరీక్ష నన్ను చేయనివ్వమని అడిగింది. ఏడాది పొడవునా మాట్లాడించే పని ఆమెది, చివర్లో మౌనంగా ఎదురుచూసే పని నాది. తల్లిదండ్రులకు ఈ పంపకం తెలియదు. మా అమ్మాయికి నేటివ్ టీచర్ ఉన్నారు అని వాళ్ళు చుట్టాలకు చెప్పుకునేవారు.

2016 ఏప్రిల్‌లో ఆమె ఒప్పందం ముగిసింది. వీడ్కోలు రోజున తెలుగులో మాట్లాడతానని మైకు పట్టుకుని, "నాకు తెలుగు వస్తోంది" అంది. వచ్చు అనబోయి వస్తోంది అందో, కావాలనే అందో, అడిగితే భుజాలెగరేసింది. "ఇంకా దారిలో ఉంది. నెమ్మదిగా నడుస్తోంది." ఆయమ్మ జొన్నరొట్టెలు, కారంపొడి కట్టి ఇచ్చింది. విమానాశ్రయంలో కారంపొడి గురించి ఎంతసేపు వాదించాల్సి వచ్చిందో తరువాత రెండు పేజీల మెయిల్ రాసింది.

2017 సెప్టెంబరు 19 అర్ధరాత్రి వేళ టీవీలో మెక్సికో భూకంపం వార్త వచ్చింది. 7.1 తీవ్రత, ప్వేబ్లా రాష్ట్రం పేరు తెర మీద మళ్ళీ మళ్ళీ వచ్చింది. స్పానిష్‌లో మెసేజ్ పెట్టాలని ఫోను తీశాను, ఒక్క క్రియ కూడా గుర్తుకు రాలేదు. 'ఎలా ఉన్నావు' అని తెలుగులోనే పంపాను. మర్నాడు మధ్యాహ్నానికి జవాబు వచ్చింది, తెలుగు లిపిలో. 'మేము బాగున్నాము. నాన్న, అమ్మమ్మ, అందరం. గుడి గోపురం పడిపోయింది.' చర్చి అనడానికి ఆయమ్మ నేర్పిన మాట గుడి. 'మేము' దగ్గర మాత్రం తప్పు లేదు.

నేను ఆ బడి మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్లో పెద్దవాళ్ళకు స్పానిష్ చెబుతున్నాను. మొదటి రోజు అందరి చేతా 'మా నాన్న' అనిపించి, బంగాళాదుంప బొమ్మ చూపిస్తాను, టైతో సహా.

పోయిన నెల ఆమె నుంచి ఒక మెసేజ్ వచ్చింది. 'మన స్కూల్లో సపోటా చెట్టు ఇంకా ఉందా?'

ఆ బడిలో ఇప్పుడు ఆమె లేదు, నేనూ లేను. దిద్దాలంటే 'ఆ స్కూల్లో' అని దిద్దాలి. ఊరుకున్నాను. ఆయమ్మకు ఫోన్ చేశాను. మనవడి ఫోనులోంచి ఆయమ్మ ఫోటో పంపింది, గోడ పక్కన చెట్టు, కింద రాలిన కాయలు, ఒక మూల ఆమె చీపురు. వెనకే ఒక వాయిస్ మెసేజ్: "మేడంకు చెప్పమ్మా, ఈసారి కాపు బాగా వచ్చింది. పిల్లలు జిగురు పూసుకుంటున్నారు."

రెండూ ప్వేబ్లాకు పంపాను.